వానాకాలం పుట్టగొడుగుల ఫొటోలతో కలైడోస్కోప్ బొమ్మలు: అడవి నుంచి ప్రింటు దాకా

జూన్ సగం దాటి రెండు మంచి వానలు పడ్డాయంటే ఒడిశాలో మా వైపు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ సంతల్లో ఆకు దొన్నెల నిండా పుట్టగొడుగులు కనిపిస్తాయి. తినేవి సంతకొస్తాయి. తినకూడనివీ, ఎవరూ పట్టించుకోనివీ పొలం గట్ల మీద, ఎండిన మామిడి కొమ్మల మీద, వెదురు పొదల కింద ఉండిపోతాయి. మన పనికి ఎక్కువగా కావాల్సినవి ఆ రెండో రకమే. వాటి ఫొటో నుంచి ఒక ముక్క కోసి, అద్దంలో చూసినట్టు తిప్పి, చుట్టూ పేర్చి కలైడోస్కోప్ బొమ్మ ఎలా చేయాలో చెప్తాను. ఓ మాదిరి ఫోన్, పాత లాప్‌టాప్, పైసా ఖర్చు లేకుండా దొరికే, ఫొటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్ చాలు.

ముందే ఒక మాట. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చాలామంది పుట్టగొడుగుని సరిగ్గా పైనుంచి ఫొటో తీసి, టోపీ నడిమధ్యన కేంద్రం పెట్టి తిప్పుతారు. గుండ్రంగా ఉన్నదాన్ని గుండ్రంగా తిప్పితే ఏమొస్తుంది? మళ్లీ టోపీయే వస్తుంది. కలైడోస్కోప్‌కి కావాల్సింది వంకర. కాడ ఒక పక్కకి వాలిన చోటు, పురుగు కొరికిన అంచు, నాచు మీదకి ఎక్కిన మూల... ఫొటోలో ఎంత తేడా ఉంటే బొమ్మలో అంత పని జరుగుతుంది. కింద చెప్పబోయేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

దేన్ని వెతకాలి

ఎండిన కొమ్మ మీద వరసగా, విసనకర్ర ఆకారంలో, బూడిద తెలుపు రంగులో మొలిచే చిన్నవి మా వైపు ఎక్కడ చూసినా ఉంటాయి. శాస్త్రీయ నామం షైజోఫిల్లమ్ కమ్యూన్. పైన నూగు, అడుగున రేకులు. ఒక్కో రేకు పొడుగునా రెండుగా చీలి ఉంటుంది. ఎండ కాస్తే రేకులు లోపలికి ముడుచుకుంటాయి, తడి తగిలితే మళ్లీ విచ్చుకుంటాయి. వేలి గోరంత దాంట్లో అన్ని గీతలు దొరకడం అరుదు. కొత్తవాళ్లు దీనితోనే మొదలుపెట్టండి.

మోడుల మీద బల్లల్లా పొడుచుకొచ్చే గానోడెర్మా రకాల్లో గోధుమ, ఎరుపు, పసుపు పట్టీలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. పడిపోయిన పుల్లల మీద సన్నటి గరాటులా లేచే మైక్రోపోరస్‌లోనూ ఇలాంటి వలయాలే. గడ్డివాముల దగ్గర, పేడ మీద వచ్చే సిరా గొడుగుల్ని మాత్రం పొద్దున్నే పట్టుకోవాలి. అవి తమంతట తాము కరిగి నల్లటి ద్రవమైపోతాయి. సగం కరిగిన దశే బొమ్మకి బాగుంటుంది: ఒక పక్క తెల్ల రేకులు, ఇంకో పక్క నల్లటి చుక్కలు జారుతూ. వెదురు పొదల్లో జాలీ ముసుగు వేలాడే ఫాలస్ ఇండ్యూసియేటస్ కనిపిస్తే మిగతావన్నీ వదిలేసి దాన్నే తీయండి. దుర్వాసన వస్తుంది, ఈగలు ముసురుతాయి, ముసుగు కొన్ని గంటల్లోనే వాడిపోతుంది. అయినా ఆ జాలీ కన్నాలకి సాటి లేదు.

అడవికి వెళ్లడం కుదరనివాళ్లకి సంత ఉంది. గుణుపురం సంతలో ఫొటో తీస్తుంటే అమ్మే ఆవిడ, "కొనవు, తినవు, ఫొటో ఏటికి బాబూ?" అని అడిగింది. సబబైన ప్రశ్నే. ఒక దొన్నె కొనుక్కొచ్చి, కిటికీ పక్కన స్టూలు మీద పెట్టి తీరిగ్గా ఫొటోలు తీసుకోండి. రేకుల వైపు, కాడ వైపు, విరిచిన ముక్కలు, అన్నీ తీయండి. ఆ తర్వాత కూర వండుకోండి.

సంతలో తెలిసినవాళ్లు అమ్మినవి తప్ప అడవిలో కనిపించిన దేన్నీ ఫొటో చూసో, ఫోన్ యాప్ చెప్పిందనో తినొద్దు. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. మహేంద్రగిరి వైపో, ఏనుగులకి పేరుపడ్డ లఖారీ లోయ అభయారణ్యం వైపో వెళ్లాలనుకుంటే అటవీశాఖ అనుమతి తీసుకుని, తోవ తెలిసిన ఊరివాళ్లని తోడు తీసుకెళ్లండి. పొద్దున్నే ఒంటరిగా పొదల్లో వంగి కూర్చునే పని కాబట్టి ఎలుగుబంటి సంగతీ గుర్తుండాలి.

ఫొటో తీసేటప్పుడు

చవక ఫోన్లలో "మాక్రో" అని విడిగా ఇచ్చే కెమెరాని వాడకండి. చాలావాటిలో అది 2 మెగాపిక్సెల్సే. దాంతో తీసిన ఫొటోని కోసి తిప్పితే మసకే మిగులుతుంది. మెయిన్ కెమెరాతోనే ఒక జానెడు దూరం నుంచి, 2ఎక్స్ పెట్టి తీయండి. మామూలు 12 మెగాపిక్సెల్స్ ఫొటో అంటే 4000×3000 పిక్సెల్స్. మన పనికి అది సరిపోతుందని కింద లెక్కలో తెలుస్తుంది.

రేకులు కావాలంటే టోపీ కింద నుంచి తీయాలి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుంటే లెన్సు నేలకి ఆనేంత కిందకి వస్తుంది. పుట్టగొడుగుని పీకక్కర్లేదు. అడుగున చీకటిగా ఉంటే జేబులో పట్టే చిన్న అద్దం నేల మీద పెట్టి వెలుగుని పైకి కొట్టండి. ఫోన్ ఫ్లాష్ మాత్రం వద్దు, తడి టోపీ మీద తెల్లటి మచ్చ పడుతుంది. బొమ్మలో ఆ మచ్చ ఒక్కటి పన్నెండు అవుతుంది.

గుగ్గిలం చెట్ల నీడలో వెలుగంతా పచ్చగా ఉంటుంది. మొదటి ఫొటోలో పుట్టగొడుగు పక్కన ఒక తెల్ల కాగితం ముక్క పెట్టి తీస్తే, తర్వాత దాన్ని చూసి రంగు సరిచేసుకోవచ్చు. తెల్ల టోపీలు తొందరగా వెలిసిపోయినట్టు పడతాయి కాబట్టి, తెర మీద వేలితో నొక్కి ఫోకస్ లాక్ చేశాక వెలుగుని కాస్త తగ్గించండి. చీకటి భాగాన్ని తర్వాత పైకి లేపుకోవచ్చు. పూర్తిగా తెల్లబడిపోయిన చోట ఇక చేసేదేమీ ఉండదు.

వెలుగు ఒక పక్క నుంచి వస్తుంటే అది ఎటు నుంచో గుర్తుపెట్టుకోండి. ముక్క కోసేటప్పుడు దీనితో పని పడుతుంది.

కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయడం ఇప్పుడే చేయండి. చెదపుట్టల మీద వచ్చేవి ఏటా దాదాపు అవే చోట్ల వస్తాయి. ఏ పుట్ట మీద వస్తాయో తెలిసిన కుటుంబాలకి అది వానాకాలపు రాబడి. మనం పెట్టిన ఫొటోలో ఆ చోటు జాడ దొరక్కూడదు.

అద్దాల లెక్క

లోపల అద్దాలు బిగించిన గొట్టమే కలైడోస్కోప్. దాన్ని స్కాట్లాండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1816లో తయారుచేశాడు, 1817లో పేటెంట్ తీసుకున్నాడు. సూత్రం చిన్నదే. రెండు అద్దాల మధ్య కోణంతో 360ని భాగిస్తే ఎన్ని ముక్కలు కనిపిస్తాయో వస్తుంది. 60 డిగ్రీలకి 6, 45కి 8, 30కి 12. ముక్కలు సరిసంఖ్యలో రావాలి, ఎందుకంటే ఒక ముక్క నేరుగా, పక్కది తిరగేసి, మళ్లీ నేరుగా ఇలా పోతాయి. బేసి వస్తే చివరి అతుకు దగ్గర రెండు వైపులా కలవవు.

ఎన్ని ముక్కలు పెట్టాలి? నా మటుకు 12 దగ్గర ఆగుతాను. 6 అయితే పుట్టగొడుగు ఇంకా గుర్తుపట్టేలా ఉంటుంది, కానీ బొమ్మ ఖాళీగా అనిపిస్తుంది. 24 చేస్తే ముక్క మరీ సన్నబడి, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. చెక్క తీసుకున్నా చెప్పు తీసుకున్నా అదే వస్తుంది. పుట్టగొడుగు అని రెండో చూపులోనైనా తెలియకపోతే వానలో తిరిగింది ఎందుకు?

ఏ ముక్క కోయాలి

మిగతాదంతా బటన్లు నొక్కడమే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. చుక్కల ముగ్గులో ఒక పాయ కుదిరితే మిగతావి వాటంతట అవే కుదిరినట్టు, ఇక్కడ 30 డిగ్రీల త్రికోణం ఒక్కటి కుదిరితే చాలు. దానికి రెండు అంచులు, ఒక మొన ఉంటాయి. ఒక్కోదాని సంగతి వేరు.

అంచులనే అద్దం గీతలనుకోండి. ఫొటోలోని ఏ గీతైనా అంచుని నిటారుగా, లంబంగా తాకితే అద్దం అవతల అది మెత్తగా కొనసాగుతుంది, వలయమవుతుంది. ఏటవాలుగా తాకితే అక్కడ కొస తేలి నక్షత్రంలా పొడుచుకొస్తుంది. అంచుకి దాదాపు సమాంతరంగా పరిగెత్తే గీతలు జంటగా కలిసి పూరేకులవుతాయి. ఇది తెలిశాక పుట్టగొడుగుని చూసే చూపే మారుతుంది. గానోడెర్మా వలయాల్ని అంచుకి లంబంగా పెడితే నిండు చక్రాలు వస్తాయి. అవే వలయాల్ని కాస్త ఏటవాలు చేస్తే పన్నెండు మూలల కోట గోడ. కాడ అంచు పక్కనే నడిస్తే రెండు కాడలు అతుక్కుని ఒక దళసరి దండం. ఫొటోని అయిదు డిగ్రీలు తిప్పితే చాలు, బొమ్మ మొత్తం వేరే బొమ్మ అయిపోతుంది.

మొన దగ్గర పన్నెండు కొసలు కలుస్తాయి. అక్కడ ఎంత వివరం ఉన్నా కనిపించదు, ఒక చిన్న ముద్ద అవుతుంది. అందుకే మొన కింద ముదురు నీడో, ఒకే రంగు చోటో ఉండాలి. చూడాల్సిన వివరాన్ని మొనకీ వెడల్పు చివరకీ మధ్యలో పెట్టండి, కన్ను ముందు అక్కడికే పోతుంది. ఫోకస్ లేని మసక భాగాలు భయపడేంత చెడ్డవి కావు, చివర వైపు ఉంటే కంటికి విశ్రాంతి. మొన వైపు మాత్రం వద్దు.

ఇక వెలుగు. ఫొటోలో వెలుగు ఎటు నుంచి పడిందో గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఫొటోని తిప్పి, వెలుగు త్రికోణం మొన వైపు నుంచి చివర వైపుకి పోయేలా పెట్టండి. అప్పుడు పన్నెండు ముక్కల్లోనూ వెలుగు కేంద్రం నుంచి బయటికి పోతుంది, బొమ్మ నడుమ దీపం పెట్టినట్టు ఉంటుంది. వెలుగు అడ్డంగా పడితే ఒక ముక్కలో నీడ కుడికి, పక్క ముక్కలో ఎడమకి పడి, జంట జంటగా ఉబ్బెత్తులు లేచినట్టు కనిపిస్తుంది. అదీ ఒక అందమే. తెలిసి చేస్తే చాలు.

జింప్‌లో పని

ముందు తొందరగా చూసుకునే దారి. ఫొటోని 1000 పిక్సెల్స్‌కి తగ్గించి ఫిల్టర్స్ → డిస్టార్ట్స్ → కలైడోస్కోప్ తెరవండి. అద్దాల సంఖ్య, తిప్పుడు, ఆఫ్‌సెట్ జరుపుతుంటే బొమ్మలు మారుతుంటాయి. ఏ ఫొటోలో సరుకుందో తేల్చుకోవడానికి ఇది బాగుంటుంది. ప్రింటు వేసే బొమ్మని మాత్రం చేత్తోనే కట్టండి. అంచు ఎక్కడ పడాలో పిక్సెల్ దాకా మన చేతిలో ఉంటుంది.

1. 5400×5400 పిక్సెల్స్‌తో కొత్త ఫైలు తెరవండి. చివర్లో 3600×3600కి కోస్తాం. అంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 12 అంగుళాల చతురస్రం. 3600 చతురస్రంలో మధ్య నుంచి మూలకి దూరం సుమారు 2546 పిక్సెల్స్. మన త్రికోణం పొడవు 2700. అందుకని మూలలు ఖాళీగా మిగలవు.

2. ఫైల్ → ఓపెన్ యాజ్ లేయర్స్‌తో ఫొటోని ఒక లేయర్‌గా, అంటే పొరగా, దించండి. ఫొటోని తిప్పి, జరిపి, కావాల్సిన చోటు కాన్వాస్ మధ్యకీ పై అంచుకీ నడుమ, మధ్య గీతకి కుడివైపున ఉండేలా పెట్టండి. త్రికోణానికి పట్టేది 1559 వెడల్పు, 2700 పొడవు మాత్రమే. అందుకే 12 మెగాపిక్సెల్స్ చాలన్నాను. ఈ లేయర్‌కి ఒక నకలు తీసి, కన్ను గుర్తు ఆపి పక్కన పెట్టండి. రేపు వేరే ముక్క కోయాలనిపిస్తే ఉంటుంది.

3. ఫ్రీ సెలెక్ట్ టూల్ తీసుకుని మూడు బిందువులు నొక్కండి: (2700, 2700), (2700, 0), (4259, 0). మౌస్ ఎక్కడుందో కింద పట్టీలో అంకెలు చూపిస్తుంది. కంట్రోల్ నొక్కి పట్టుకుంటే గీత 15 డిగ్రీల అంచెల్లోనే కదులుతుంది కాబట్టి 30 పట్టుకోవడం కష్టం కాదు. మొదటి బిందువు మీద మళ్లీ నొక్కి మూసేయండి.

4. సెలెక్ట్ → గ్రో, 2 పిక్సెల్స్. దీన్ని దాటేస్తే చివర్లో ముక్కల మధ్య వెంట్రుక సన్నంలో తెల్ల గీతలు కనిపిస్తాయి. తెర మీద తెలియవు, ప్రింటులో బయటపడతాయి.

5. లేయర్ → ట్రాన్స్‌పరెన్సీ → యాడ్ ఆల్ఫా ఛానల్ (చెరిపిన చోటు పారదర్శకంగా ఉండడానికి). తర్వాత కంట్రోల్+ఐ, డిలీట్, కంట్రోల్+షిఫ్ట్+ఏ. త్రికోణం ఒక్కటే మిగులుతుంది. ఆపైన లేయర్ → లేయర్ టు ఇమేజ్ సైజ్. ఈ చివరిది తప్పనిసరి. ఇది చేస్తేనే తిప్పేటప్పుడు లేయర్ మధ్య, కాన్వాస్ మధ్య ఒకటే అవుతాయి.

6. లేయర్ నకలు తీసి, లేయర్ → ట్రాన్స్‌ఫార్మ్ → ఫ్లిప్ హారిజాంటల్లీ. అద్దంలో బొమ్మ ఎడమ పక్కన వస్తుంది. రెండిటినీ మెర్జ్ డౌన్‌తో కలపండి. ఇప్పుడు 60 డిగ్రీల జంట ముక్క తయారు. ఇక్కడ ఆగి చూడండి. ఈ జంట నచ్చకపోతే మొత్తం బొమ్మ నచ్చదు. రెండో అడుగుకి వెళ్లిపోండి.

7. జంట ముక్కకి నకలు తీసి షిఫ్ట్+ఆర్ నొక్కి 60 డిగ్రీలు తిప్పండి. మధ్య బిందువు 2700, 2700 అని ఉందో లేదో చూసుకోండి. ఇలాగే 120, 180, 240, 300. ప్రతిసారీ మొదటి జంట నుంచే నకలు తీయాలి. తిప్పినదాన్ని మళ్లీ తిప్పుతూ పోతే ప్రతి తిప్పుడికీ పదును కొంచెం కొంచెం పోతుంది. టూల్ ఆప్షన్లలో ఇంటర్‌పొలేషన్‌ని క్యూబిక్‌లోనో నోహేలోలోనో ఉంచండి.

8. కంట్రోల్+ఎంతో కనిపించే లేయర్లన్నీ కలిపి, ఇమేజ్ → కాన్వాస్ సైజ్‌లో 3600 ఇచ్చి సెంటర్ నొక్కండి. బయటికి పోయే భాగం కూడా కోసేయాలంటే కింద రీసైజ్ లేయర్స్ దగ్గర అన్ని లేయర్లూ ఎంచుకోండి.

లాప్‌టాప్ పాతదైతే ఏడో అడుగులో కాస్త ఆయాసపడుతుంది. బ్రౌజర్ మూసేసి, ఒక టీ తాగి రండి.

రంగు

పుట్టగొడుగుల బొమ్మలు మొదట్లో మట్టిరంగులో నీరసంగా కనిపిస్తాయి. అది చూసి ఇంద్రధనుస్సు రంగులు పులమాలనిపిస్తుంది. నాకు అది నచ్చదు. ఊదా, నీలం, ముదురు గులాబీ వేశాక దానికి పుట్టగొడుగే అక్కర్లేదు. ఫొటోలో ఉన్న రంగుల్లోంచే రెండు మూడింటిని పట్టుకుని పైకి లేపండి: తడి నాచు పచ్చ, మన ఎర్రమట్టి, రేకుల లోపలి లేత గులాబీ. కలర్స్ → కర్వ్స్‌లో నీడల్ని కొద్దిగా కిందకి, వెలుగుని కొద్దిగా పైకి లాగితే మట్టిరంగులోనే ఎన్ని ఛాయలున్నాయో బయటపడతాయి. ఇంకా చదునుగా ఉంటే అన్‌షార్ప్ మాస్క్‌ని పెద్ద రేడియస్‌తో, తక్కువ మోతాదులో వేయండి. రేకుల మధ్య లోతు తేలుతుంది.

నలుపు తెలుపు నుంచి మొదలుపెట్టాలనుకుంటే ఒక పాత పద్ధతుంది. తాజా పుట్టగొడుగు కాడ తీసేసి, రేకులు కిందకి ఉండేలా, సగం నలుపు సగం తెలుపు కాగితం మీద పెట్టి గిన్నె బోర్లించండి. రాత్రంతా ఉంచితే బీజాలు రాలి, రేకుల మధ్య ఖాళీల ముద్ర గీతలుగా పడుతుంది. లేత బీజాలు నల్ల కాగితం మీద, ముదురువి తెల్ల దాని మీద తేలతాయి. టోపీని నిలువుగా పైకి ఎత్తండి, పక్కకి జరిపితే ముద్ర చెరుగుతుంది. ఫ్యాన్ కూడా ఆపేయండి. ఆ ముద్ర కూడా గుండ్రమే కాబట్టి, దాని నడుమ నుంచి కాకుండా ఒక పక్కనుంచి, నలుపు తెలుపు కాగితాల అతుకు ముక్కలో పడేలా కోయండి. బీజాల రంగు చూసి తినొచ్చో లేదో తేల్చకూడదు.

బొమ్మ చుట్టూ అంచు పెట్టాలనిపిస్తే, అదే ఫొటోలోంచి ఇంకో ముక్క తీసి పట్టీగా పేర్చండి. మా దగ్గర ఉంటుంది కదా అని సవరల ఇడితాల్ బొమ్మల్ని స్కాన్ చేసి అంచుగా అతికించేవాళ్లున్నారు. అవి పూజ కోసం ఇంటి గోడ మీద వేసుకునేవి. వాటిని అలా వదిలేయండి.

బట్ట మీదకి, కాగితం మీదకి

బట్టకి గుండ్రటి బొమ్మ కుదరదు, నాలుగు వైపులా అతికే పలక కావాలి. చతురస్రం ముక్కని కుడికి తిరగేసి, ఆ రెండిటినీ కిందకి తిరగేస్తే నాలుగు ముక్కల పలక వస్తుంది. ఎన్ని పేర్చినా అతుకు కనిపించదు. క్రిటా అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలు తెరిచి డబ్ల్యూ నొక్కితే తెరంతా పలకలు పరుచుకుంటాయి. కళ్లు సగం మూసి దూరంగా చూడండి. ఏదైనా తెల్ల మచ్చ వరసలు కట్టి కనిపిస్తే జింప్‌లోని హీల్ టూల్‌తో దాన్ని తగ్గించాలి.

కాగితం మీదకైతే బరంపురంలోనో, శ్రీకాకుళంలోనో ఫొటో ల్యాబ్‌లో మ్యాట్ కాగితం మీద వేయించండి. ఫ్లెక్స్ షాపులో వద్దు, రేకుల గీతలన్నీ కలిసిపోతాయి. తెర మీద కంటే కాగితం మీద ముదురుగా వస్తుంది కాబట్టి ముందు ఒక మూల ముక్కని చిన్న సైజులో వేయించి చూసుకుని, నీడలు పూడుకుపోతే కర్వ్స్‌లో కాస్త లేపండి.

పని ఫైలుని లేయర్లతో సహా జింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకోండి. ల్యాబ్‌కి ఎస్ఆర్‌జీబీ రంగుల పద్ధతిలో పీఎన్‌జీ గానీ, 95 క్వాలిటీ జేపెగ్ గానీ ఇవ్వండి. ఆన్‌లైన్‌లో పెట్టే దానికి 1500 పిక్సెల్స్ చాలు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎగ్జిఫ్ డేటా (ఫొటోతో పాటు ఫైలులో దాగి ఉండే వివరాలు) దగ్గర టిక్కు తీసేయండి. కెమెరాలో లొకేషన్ ఆపడం మర్చిపోయినా, ఏ పుట్ట దగ్గర తీశారో ఆ ఫైలులోంచి ఎవరికీ దొరకదు.